క్రీడాసంఘము - జమాఖర్చు

ఆటకు నుత్సాహ మొక్కటియే చాలునని మనము తలంతుము. కాని పచ్చికను చదును చేయుటకును, వలను కొనుటకును ద్రవ్యము కావలెను. ఆ ద్రవ్య మెట్లు వచ్చునో తెలిసికొనుటకు ఇంగ్లాండులోని వింబుల్డన్ సంఘచరిత్రము మంచి యుదాహరణము.

క్రోకే యను ఆటకై ఈ సంఘము 1868లో స్థాపింపబడెను. సభ్యులు నాలుగెకరముల నేలను మొదటి యేట 50 పౌనుల కౌలునకు తీసికొనిరి. 1875లో లాన్ టెన్నిసును చేర్చిరి. 1877లో తట్టుగుఱ్ఱము లాగెడు పచ్చికరోలరు చెడెను. బాగుచేయించుటకు సొమ్ము చాలదయ్యెను. అందుకై టెన్నిసు పందెముల నేర్పఱచిరి. పేరిచ్చినవారు 22 మంది. ఒక్కొక్కరికి రుసుము 1 గినీ, అనగా 21 షిల్లింగులు. తుదియాటను చూడవచ్చిన 200 మంది తలకు 1 షిల్లింగు చొప్పున నిచ్చిరి. 20 షిల్లింగులు 1 పౌను గనుక, ఆటగాండ్ర రుసుము 23 పౌనుల 2 షిల్లింగులును, తుదినాటి ప్రేక్షకుల సొమ్ము 10 పౌనులును అయ్యెను. ఖర్చులు పోగా 10 పౌనులు మిగిలెను.

రాబడి నాటినుండి పెరుగుచునే యుండెనని యెంచరాదు. 1895లో పందెములవలన 33 పౌనుల నష్టము కలిగెను. 1897 మొదలు డోహెర్టీ సోదరులు గెలుచుచుండగా జనులు మరల రాసాగిరి. ప్రేక్షకుల సొమ్ము ఆటగాండ్ర ప్రసిద్ధితో హెచ్చుచు తగ్గుచు నుండును. కావున దానినే నమ్ముకొనరాదు.

స్థలము చాలక క్రొత్తచోటికి పోవలసివచ్చినప్పుడు, 1920లో డిబెంచరులనెడి ఋణపత్రముల నమ్మిరి. వానిని కొన్నవాడు సంఘమునకు సొమ్మిచ్చును. ప్రతిఫలముగా కొన్ని యేండ్లవఱకు పందెముల దినములలో నతనికొక యాసనము దొరకును. 1922లో క్రొత్త మైదానము తెఱవబడెను.

2020లో కోవిడు వ్యాధిచే పందెములు రద్దయ్యెను. అంటువ్యాధులవలని నష్టమునకు సైతము ముందుగనే భీమా చేసియుండుటచే, సంఘము 620 మంది ఆటగాండ్రకు 1 కోటి పౌనులు పంచగలిగెను. ఇక మిగులుమాట: 2013 నుండి అమలులోనున్న యొడంబడికచొప్పున, నూటికి 90 వంతులు బ్రిటను దేశపు లాన్ టెన్నిసు సంఘమునకు చెందుచున్నవి. ఆటవలన వచ్చిన సొమ్ము మరల ఆటకే పోవుచున్నది.

విద్యార్థులారా, నిత్యవ్యయమునకు చందా, శాశ్వతమైన పనికి ఋణము, ఆపదకు భీమా - వీనిని కలగాపులగము చేయక వేఱువేఱుగా నుంచుటయే మంచి జమాఖర్చు. మన యాటల నిధి చిన్నదే. అయినను వల చినిగిననాడు సొమ్మునకై వెదకుటకంటె, ప్రతినెలయు కొంత తీసి యుంచి, లెక్కను అందఱి యెదుటను చదువుట మేలు. రోలరు చెడినచో పచ్చిక పాడగును. లెక్క చెడినచో సంఘమే పాడగును.