మట్టికుండయు మన శరీరమును

వేసవిలో సాయంకాలపు వార్తల చివర ఆనాటి గరిష్ఠోష్ణోగ్రతలను మేము చదువుచుందుము. రామగుండములో 44 డిగ్రీలు, మచిలీపట్నములో 37 డిగ్రీలు అని వినినంతనే, పాపము రామగుండము వారెట్లున్నారో అనుకొనుట సహజము. కాని మచిలీపట్నము వారిని అడిగి చూడుడు. చొక్కా వీపునకు అంటుకొని, చెమట ఆరక, నాలుగడుగులకే ఆయాసపడుచు, ఇదెక్కడి ముప్పది యేడని విసుగుకొందురు. ఆ విసుగు అకారణమైనది కాదు. ఉష్ణమాపకము చెప్పునది సగము సంగతియే. తక్కిన సగము మన ఇండ్లలో ఒక మూలనుండు మట్టికుండను చూచినచో తెలియును.

కుండలోని నీరు ఎట్లు చల్లబడుచున్నది? కాల్చిన మట్టిలోని సన్నని రంధ్రముల గుండ నీరు పైకి ఊరును. గాలి తగిలి అది ఆవిరియగును. ఆవిరియగుటకు కావలసిన వేడిని కుండనుండియు, లోపలి నీటినుండియు తీసికొనిపోవును. అందుచేతనే క్రొత్త కుండనీరు చల్లగా నుండును. పాతబడి రంధ్రములు పూడిపోయిన కుండలో ఆ చలువ ఉండదు. అనంతపురములో మే నెలలో పండ్లు జివ్వుమనునంత చలువనిచ్చు కుండను కాకినాడకు తెచ్చి పెట్టినచో అంత చలువ నీయదు. దోషము కుండది కాదు. సముద్రపు గాలి అప్పటికే తేమతో నిండియుండుటచే మరికొంత ఆవిరిని పుచ్చుకొనజాలదు. వట్టివేళ్ళ తడికెలపై నీరు చల్లి గదిని చల్లబరచుకొను పద్ధతియు ఇట్లే పొడిగాలి వీచు సీమలకే ఎక్కువగా పనికివచ్చును.

మన శరీరమును ఇట్టి కుండయే. దాని సహజోష్ణము 37 డిగ్రీలు. ఊరక కూర్చున్న మనిషి దేహము సైతము ఇంచుమించు నూరు వాట్ల విద్యుద్దీపమంత వేడిని పుట్టించుచుండును. గడ్డపారతో త్రవ్వునపుడు, తట్ట మోయునపుడు అది కొన్ని రెట్లు పెరుగును. కండరములు ఖర్చుచేయు శక్తిలో నాలుగవ వంతుకు మించి పనిగా మారదు, తక్కినదంతయు వేడియే. చర్మము 35 డిగ్రీల ప్రాంతమున నుండును. గాలి అంతకంటె చల్లగా నున్నంతవరకు ఈ వేడి కొంత గాలిలోనికి పోవును. గాలి అంతకు మించి కాగినపుడు ఆ దారి మూసికొనిపోవుటయే గాక, బయటి వేడి లోనికి రాసాగును. ఇక మిగిలినది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరియైనచో సుమారు 580 కిలోకాలరీల వేడిని వెంటగొని పోవును. ఆవిరియైనచో అను మాటను శ్రోతలు గమనింపవలెను. కారి నేల రాలిన చెమట చలువ నీయదు. నీటిని, ఉప్పును మాత్రము నష్టపరచును.

శాస్త్రజ్ఞులు దీనిని కొలుచుటకు వాడు సాధనము కూడ కుండ వంటిదే. ఉష్ణమాపకపు బుడ్డికి తడిగుడ్డ చుట్టి గాలి తగులనిచ్చినచో అది చూపునది తడి ఉష్ణోగ్రత. గాలి 44 డిగ్రీలు కాగియున్నను, తేమ నూటికి 15 వంతులే యున్నచోట అది 23 దరిదాపున నుండును. గాలి 37 డిగ్రీలే యుండి తేమ నూటికి 60 వంతులున్నచోట 30కి చేరును. మచిలీపట్నము వారి బాధకు లెక్క ఇదియే. అమెరికాలో ఆరోగ్యవంతులైన యువతీయువకులపై జరిపి 2022లో ప్రకటించిన ప్రయోగములలో, ఉక్కగా నున్న గదిలో తడి ఉష్ణోగ్రత 31 డిగ్రీలకు చేరువైనపుడే వారి దేహోష్ణము అదుపు తప్పుటకు మొదలిడినది. భారత వాతావరణశాఖ వారును వడగాడ్పు ప్రకటనకు మైదానములందు కనీసము 40 డిగ్రీలను, తీరమున 37 డిగ్రీలను హద్దులుగా పెట్టుకొనియున్నారు.

అట్లని రామగుండము వారు నిశ్చింతగా నుండవచ్చునని కాదు. పొడిగాలిలో చెమట పట్టినది పట్టినట్లే ఆరిపోవుటచే, ఒంటినుండి ఎంత నీరు పోయినదో మనిషికి తెలియదు. పైగా మేము చదువు 44 డిగ్రీలు నీడలో, గాలి ఆడు తెల్లని చెక్కపెట్టెలో కొలిచినవి. పత్తిచేనిలోనో, పూడిక తీయు చెరువులోనో, బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలోనో నిలిచిన వానికి పైనుండి సూర్యుడు, క్రిందినుండి నేల, రెండును వేడిని పంపుచుండును. 2015 మే నెలలో మన రెండు తెలుగు రాష్ట్రములందు కలిసి వేయిమందికి పైగా వడదెబ్బకు మరణించిరి. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందును ఇట్టి విపత్తే సంభవించినది. పోయినవారిలో పెక్కుమంది కూలీలు, వృద్ధులు. ఎండలో తిరుగకున్నచో చాలునన్న సలహా కూలికి పోనిదే పొయ్యి వెలుగని ఇంటిలో చెల్లదు. చల్లని స్టూడియోలో కూర్చుండి అట్టి సలహా లిచ్చుట మాకు మిక్కిలి సులభము గదా!

కావున పని మానుట కాదు, పనిని మలచుకొనుట ముఖ్యము. ఇందు మనకు సహాయపడునది శరీరమునకు గల ఒక గొప్ప గుణము. దినదినము కొంత ఎండలో కొంత పనిచేయుచున్నచో, ఒకటి రెండు వారములలో దేహము వేడికి అలవాటుపడును. చెమట త్వరగా పట్టును, ఎక్కువగా పట్టును, దానిలో ఉప్పు తగ్గును. గుండె మునుపటంత వేగముగా కొట్టుకొనదు. పని మానిన కొలది వారములలో ఈ గుణము మరల పోవును. వేసవిలో తొలి తీవ్రమైన ఎండలును, క్రొత్తగా పనిలో చేరిన కూలీలును అపాయమునకు గురియగుట ఇందువలననే. మేస్త్రీలు ఈ సంగతి ఎరుగవలెను. క్రొత్త కూలిచేత మొదటి దినమున పూర్తి పనిలో అయిదవ వంతు మాత్రమే ఎండలో చేయించి, దినమునకు మరియొక అయిదవ వంతు చొప్పున పెంచుట మంచి పద్ధతి. సెలవులకు పట్టణమునుండి వచ్చి మిట్టమధ్యాహ్నము క్రికెట్టు ఆడు పిల్లలకును, ఏడాదంతయు చల్లని గదులలో పనిచేసి పెండ్లిపనులకై ఊరికి వచ్చిన బంధువులకును ఇదే లెక్క వర్తించును. నడక అలవాటున్నవారు వేసవి వచ్చినదని పూర్తిగా మానరాదు. తెల్లవారుజామునకు మార్చుకొని, వేగము తగ్గించి సాగింపవలెను.

పన్నెండు గంటలకు సూర్యుడు నడినెత్తిన నుండును. కాని గాలి అన్నిటికంటె ఎక్కువగా కాగునది రెండు, నాలుగు గంటల మధ్య. ఆ నాలుగు గంటలును చెట్టునీడన గడపి, ఆ పనిని తెల్లవారుజామునకు జరుపుకొనగలిగినచో సగము అపాయము తప్పును. ఇంటిలోనుండు గృహిణి మాటను మనము మరచుచుందుము. గాలి ఆడని వంటింటిలో పదకొండు గంటలకు పొయ్యి ముందు నిలుచుట పొలములోని పనికి ఏమియు తీసిపోదు. వేసవిలో వంట తొమ్మిది లోపున ముగియునట్లు ఇంటిల్లిపాదియు సర్దుకొనవలెను.

నీరు దాహమైనపుడే త్రాగుట చాలదు. ఎండలో పనిచేయువారు పావుగంటకో, ఇరువది నిమిషములకో ఒక గ్లాసు త్రాగుచుండవలెను. గంటకు ఒకటిన్నర లీటరుకు మించరాదు. చెమటతో ఉప్పును పోవుచున్నది గనుక మన పెద్దలు తాగిన ఉప్పు వేసిన పల్చని మజ్జిగ, తరవాణి, అంబలి ఇప్పటికిని సాటిలేనివి. అవి దొరకనపుడు లీటరు మంచినీటిలో తలగొట్టి కొలిచిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి వాడవచ్చును. వృద్ధులకు దాహము తెలియుట తగ్గును గనుక, అడుగకున్నను ఇచ్చుచుండవలెను. రక్తపుపోటు, గుండె, మూత్రపిండముల జబ్బులున్నవారు మాత్రము వైద్యుని అడిగి తమ కొలత తెలిసికొనవలెను. జేబులో ఉల్లిగడ్డ ఉంచుకొన్నచో వడదెబ్బ తగులదను నమ్మకము పలుచోట్ల కలదు. జేబులోని ఉల్లి శరీరమును చల్లబరుపదు. దానిని మజ్జిగలో నంజుకొని తినుట మేలు.

పంకాను గూర్చి ఒక మాట. గాలి 40 డిగ్రీలు దాటినపుడు పొడి ఒంటిపై పంకా గాలి వేడినే చేర్చును. చేతులు, మెడ, ముఖము తడిపికొని కూర్చున్నచో అదే పంకా చలువ నిచ్చును. ఇదియు కుండ సూత్రమే.

ఎండలో పనిచేయువాడు పొంతనలేక మాటలాడుచున్నను, తూలుచున్నను, ఒళ్లు కాలుచు స్పృహ తప్పినను అది వడదెబ్బయే. చెమట పట్టియున్నది గనుక వడదెబ్బ కాదనుకొనుట అపాయకరము. కష్టపడి పనిచేయుచు పడిపోయిన వానికి చెమట ఆగకపోవచ్చును. అప్పుడు జ్వరపు మాత్ర పనిచేయదు. 108కి ఫోను చేయించి, వాహనము వచ్చులోపల నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, బిందెలకొలది నీరు ఒంటిపై పోయుచు విసరుచుండవలెను. స్పృహలేని వాని నోటిలో నీరు పోయరాదు.

మృగశిర కార్తె ప్రవేశించి ఒక వాన పడగానే మనము కుండకు సెలవిచ్చి, గొడుగు వానకొరకు తీయుదుము. కాని తొలివాన మరునాడు ఎండ విరుగకాసినచో, తడినేలనుండి లేచు ఆవిరితో గాలి బరువెక్కి లోనాడులకును తీరపు ఉక్క ఎదురగును. ఉష్ణమాపకము నాలుగు డిగ్రీలు దిగినట్లు చూపుచున్నను, నాట్లకై మడిలో దిగినవారికి ఆనాడు చెమట ఆరదు. వార్తలలో డిగ్రీలతో పాటు గాలిలోని తేమను చెప్పునపుడును శ్రోతలు చెవియొగ్గవలెనని మేము కోరునది అందుకే.