షోయబుల్లాఖాను ఋణము

హైదరాబాదు పాతబస్తీలో లాల్‌దర్వాజకును శాలిబండకును చేరువగా గౌలిపుర యను పేట యున్నది. పాలు పెరుగుల వ్యాపారము చేయు గౌలీల పేరు దానికి నిలిచినది. ఆషాఢమాసమున నీ పేటల స్త్రీలు అమ్మవారికి బోనము లెత్తుదురు. ఘటముల యూరేగింపు శాలిబండమీదుగా చార్మినారు దాటి నయాపూలు వఱకు సాగును. మొహర్రము పదవనాడు బీబీకా అలము దబీరుపురనుండి యేనుగుమీద వెడలి యా చార్మినారు ముందే నడచును. ఈ రెండు ఊరేగింపులను చూచుటకు రెండు మతములవారును వీథుల కిరువైపుల నిలుచుట తరతరముల యాచారము. కావున మతము బహిరంగ జీవనమున నుండదగునా యను ప్రశ్న గౌలిపుర వాసులకు వింతగా దోచును. అది యిచ్చట నుండనే యున్నది. ఉండుటచే కీడును కలుగలేదు.

చిక్కు వేఱొకచోట నున్నది. మతము పేర నధికారము చెలాయించువానిని ఆ మతమువాడే ప్రశ్నించినచో వానికి రక్షణ యెవరు? ఈ ప్రశ్న 1948 వ సంవత్సరమున హైదరాబాదు నగరమునకు ఎదురుపడెను. ఆనాడు నగరము సమాధానము చెప్పలేకపోయినది. ఆ ఋణము నేటికిని మనపై నున్నదని మా యభిప్రాయము.

నైజాము రాష్ట్రమున నోరు విప్పుట యెంత కష్టమో నేటి యువకులకు విడమరచి చెప్పవలసియున్నది. సర్కారువారి అనుమతి లేనిదే పత్రిక పుట్టరాదు. గస్తీ నిశాన్ తిర్‌పన్ అని పేరుపడిన 53 వ సర్క్యులరు ననుసరించి ముందుగా అనుమతి పొందనిదే సభ జరుపరాదు. 1883 లోనే చాందా రైలుమార్గపు టొడంబడికను ప్రజలయెదుట చర్చింపవలెనని కోరినందులకు అఘోరనాథ చట్టోపాధ్యాయులు రాష్ట్రమునుండి వెడలగొట్టబడిరి. 1921 నవంబరులో వివేకవర్ధని నాటకశాలలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటాడబూనగా సభికులు గేలిచేసిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టెను. మఱుసటి యేట నల్లగొండనుండి నీలగిరి పత్రికయు, ఇనుగుర్తినుండి తెనుగు పత్రికయు వెలువడెను. 1926 మే 10 వ తేదీన సురవరము ప్రతాపరెడ్డిగారి గోలకొండ పత్రిక యుదయించెను. తెలంగాణమున కవులు లేరను నిందకు 1934 లో 354 గురు కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించి బదులుచెప్పినది యాపత్రికయే. గౌలిపుర ప్రక్కనే శాలిబండలో 1895 లో స్థాపింపబడిన భారత గుణవర్ధక సంస్థవంటి గ్రంథాలయములు పత్రికలను ప్రజల చేతికందించినవి.

ఆ కాలమున మతస్వాతంత్ర్యమును వాక్స్వాతంత్ర్యమును వేఱుచేసి చూచుట కలవిగాదు. 1938 లో స్టేటు కాంగ్రెసు నిషేధింపబడెను. ఆ సంవత్సరముననే వందేమాతరము పాడినందులకు ఉస్మానియా విద్యార్థులు తొలగింపబడి నాగపురాది నగరములకు పోయి చదువుకొనవలసివచ్చెను. పూజావిధులపై నిర్బంధములను తొలగింపుడని ఆర్యసమాజమువా రారంభించిన సత్యాగ్రహము 1939 ఆగస్టు వఱకు సాగెను. ప్రార్థించు నోటిని మూయగల ప్రభుత్వము ప్రశ్నించు నోటినిగూడ మూయగలదని అప్పటివారు అనుభవముచే నెఱిగిరి. అయినను పాలకుని మతమునకు చెందినవారి కీ నిర్బంధములతో పనిలేదని పలువురు తలచుచుండిరి. ఆ తలంపు తప్పని రుజువు చేసినవాడు షోయబుల్లాఖాను.

ఈతడు 1920 లో మానుకోట ప్రాంతమున జన్మించెను. ఉస్మానియాలో చదివి, కొలువు కోరక పత్రికావృత్తిని చేపట్టెను. మొదట తేజ్ అను ఉర్దూ పత్రికలో పనిచేసెను. దానిని ప్రభుత్వము నిలిపివేసెను. పిదప మందుముల నరసింగరావుగారి రయ్యత్ పత్రికలో చేరెను, అదియు మూతబడెను. అంతట 1947 నవంబరులో తానే సంపాదకుడై ఇమ్రోజ్ అను ఉర్దూ దినపత్రికను స్థాపించెను. ఇమ్రోజ్ అనగా నేడు. గతించిన వైభవమును దలచుకొని మురియువారికిని, రానున్న సామ్రాజ్యమును గూర్చి కలలు గనువారికిని నేటి సంగతి చెప్పుటయే యాతని పని. సంస్థానము భారతదేశమున చేరవలెననియు, ప్రజలకు బాధ్యత వహించు ప్రభుత్వ మేర్పడవలెననియు, రజాకార్ల దౌర్జన్యము ఇస్లామునకు మచ్చ యనియు నాతడు వ్రాసెను. తన మతమును విడువలేదు, దాచలేదు. ముస్లిమునై యుండియే నే నిట్లు చెప్పుచున్నానని నిలిచెను.

1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిము ప్రముఖులు సంస్థానము భారతదేశమున చేరుటయే మేలనియు, రజాకారుదళములను రద్దుచేయవలెననియు నొక ప్రకటన చేసిరి. ఇమ్రోజ్ దానిని ప్రకటించెను. ఇట్టి వ్రాతలు వ్రాయు చేతులు నిలువవను బెదరింపులు రజాకార్ల వేదికలనుండి వెలువడెను. ఆగస్టు 21 వ తేదీ రాత్రి కార్యాలయమునుండి యింటికి మరలుచుండగా కాచిగూడ లింగంపల్లి చౌరస్తా దాపున దుండగులు షోయబుల్లాఖానును కాల్చి, కలము పట్టిన చేతిని నరికిరి. వెంటనున్న బావమరదిచేతినిగూడ విడువలేదు. తెల్లవారులోపల సంపాదకుడు ప్రాణములు విడిచెను. అప్పటి కాతనికి ఇరువదియెనిమిది యేండ్లు నిండలేదు. మఱి మూడువారములకు, సెప్టెంబరు 13 వ తేదీన, భారతసైన్యములు సంస్థానమున ప్రవేశించెను; 17 వ తేదీన నిజాము లొంగిపోయెను. రజాకారు నాయకుడు కాసిం రజ్వీ యొక దోపిడికేసులో శిక్షయనుభవించి, 1957 లో విడుదలయై పాకిస్తానమునకు వెడలిపోయెను.

రజాకార్లకు విరోధులు పెక్కుమంది యుండిరి. వారందఱిలో నీ యువకునిపై నింత పగ యేల? హిందువు వ్రాసిన వ్రాతను పరుల మాట యని త్రోసిపుచ్చుట సులభము. తమవాడే వ్రాసినప్పు డా యుపాయము చెల్లదు. ఒక సముదాయమంతయు తమవెనుక నున్నదని చెప్పుకొనుచు నధికారమునకు వచ్చినవారికి, ఆ సముదాయమునుండి లేచిన యొక్క భిన్నస్వరము చాలును, ఆ మాట బొంకని తేల్చుటకు. కావుననే మతము పేర పాలించువాడు పరమతస్థుని ద్వేషించినను, భయపడుట మాత్రము స్వమతస్థుడైన సత్యవాదికి. షోయబుల్లాఖాను చంపబడుట మతద్రోహము చేసినందున గాదు. మతమును అధికారమునకు కవచముగా వాడుకొనుటకు సమ్మతింపనందున.

ఇంతవఱకు వ్రాసి చాలించినచో జాతీయవాదులమైన మనకు హాయిగానే యుండును. న్యాయమన్నచో మిగిలినదానినిగూడ చెప్పవలెను. పోలీసుచర్య ముగిసినపిదప పెక్కు జిల్లాలలో ముస్లిములపై ఘోరమైన ప్రతీకారము జరిగెను. దానిని విచారించుటకు భారతప్రభుత్వము పండిత సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్ మున్నగువారిని 1948 చివర పంపెను. కాజీగారు హైదరాబాదునందే పయామ్ అను ఉర్దూపత్రికను నడిపిన సంపాదకుడు. మృతుల సంఖ్య 27,000 మొదలు 40,000 వఱకు నుండునని వారు అంచనా వేసిరి. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజలకు దొరకలేదు. 2013 ప్రాంతమునగాని అందఱును చదువుటకు వీలుపడలేదు. నిజాము సర్కారు దాచిన సత్యము సత్యమై, మన సర్కారు దాచినది రహస్యమగునా? ముస్లిము సంపాదకుని ధైర్యమును మెచ్చుకొను హిందువు, తనవారి తప్పును వ్రాసిన హిందువునుగూడ అట్లే మెచ్చుకొనగలిగినప్పుడే యా మెప్పునకు విలువ.

స్వతంత్రభారతమున నీ పరీక్ష త్వరలోనే వచ్చెను. బొంబాయినుండి వెలువడు క్రాస్‌రోడ్స్ అను వామపక్షవారపత్రిక తమ రాష్ట్రములోనికి రాగూడదని మద్రాసు ప్రభుత్వము నిషేధించెను. ఢిల్లీలో ఆర్గనైజరు అను హిందూజాతీయవాద పత్రిక ముందుగా అధికారులకు చూపనిదే కొన్ని విషయములను ప్రకటింపరాదని యాజ్ఞ పుట్టెను. 1950 మే 26 వ తేదీన సుప్రీంకోర్టు రెండాజ్ఞలను నొక్కనాడే కొట్టివేసెను. సిద్ధాంతములలో ఉత్తరదక్షిణ ధ్రువములైన రెండు పత్రికలను ఒకే రాజ్యాంగసూత్రము కాపాడెను. మఱుసటి యేటనే ప్రథమసవరణచే వాక్స్వాతంత్ర్యముపై నాంక్షలు పెంచబడెననుటయు సత్యమే. అవి సమంజసములై యుండవలెనను నియమముగూడ ఆ సవరణతోనే వచ్చెను. ఆనాటి తీర్పులలోని నీతిని మాత్రము ఏ సవరణయు చెఱపజాలదు. ఎదిరిపక్షమువాని పత్రికను మూయు కత్తి మఱునాడు మన పత్రికపైకిని వచ్చును.

ఇది హైదరాబాదుయొక్కయు భారతదేశముయొక్కయు కథ మాత్రమే యని యెవరైన తలంతురేమో. ఆఫ్రికా పశ్చిమతీరమున నైజీరియా యను దేశమున్నది. మనవలెనే బ్రిటిషువారి యేలుబడిలో నుండి 1960 అక్టోబరు 1 వ తేదీన స్వతంత్రమైనది. ఉత్తరమున ముస్లిములు, దక్షిణమున క్రైస్తవులు అధికసంఖ్యాకులు. మసీదు చర్చిల మాట రాజకీయములలో గట్టిగా వినబడును. మన పత్రికలవలెనే 1937 లో అజికివె స్థాపించిన వెస్ట్ ఆఫ్రికన్ పైలట్ పత్రిక జాతీయోద్యమమునకు గొంతుక యైనది. అట్టి దేశమున 1984 లో సైనికప్రభుత్వము నాలుగవ శాసనమును చేసి, అధికారులను అపహాస్యముపాలు చేయు వ్రాతను నేరముగా నిర్ణయించి, ఇద్దఱు విలేఖరులను చెఱసాలకు పంపెను. 1986 అక్టోబరు 19 వ తేదీన న్యూస్‌వాచ్ సంపాదకుడు డెలె గివా, లేగోసు నగరమున తన యింట పొట్లమును విప్పగా అందలి బాంబు ప్రేలి మృతినొందెను. నూనెబావులచే పాడైన తన జాతివారి నేలకై పోరాడిన రచయిత కెన్ సారో వీవా, మఱి యెనమండ్రతోగూడ 1995 నవంబరు 10 వ తేదీన ఉరితీయబడెను. సైనికపాలన 1999 లో ముగిసెను.

సైన్యము వెడలినంతమాత్రమున భయము వెడలలేదు. 2002 నవంబరులో సుందరీమణుల పోటీనిగూర్చి దిస్‌డే పత్రికలో వచ్చిన యొక వాక్యము ప్రవక్తను కించపఱచినదని కదూన నగరమున అల్లరులు చెలరేగి, ఆ పత్రిక కార్యాలయము దగ్ధమై, 200 కు మించి జనులు మరణించిరి. మృతులలో నా వాక్యమును చదివినవా రెందఱో యూహింపవచ్చును. ప్రభుత్వము కొట్టిన దెబ్బయు గుంపు కొట్టిన దెబ్బయు పత్రికకు సమానమే. ప్రభుత్వముపై న్యాయస్థానమునకైనను పోవచ్చును. గుంపుపై నెచ్చటికి పోవుదుము? గుంపును ఆపగలవారు దానిలోనివారి పెద్దలే.

ఇచ్చట నొక యాక్షేపణ కలదు. పత్రికలు పవిత్రభావములను గాయపఱచినను ఊరకుండవలెనా యని యడుగుదురు. అవసరము లేదు. గాయపడినవాడు ఖండనలేఖ వ్రాయవచ్చును, చందా మానవచ్చును, సభ జరుపవచ్చును, న్యాయస్థానము తలుపు తట్టవచ్చును. బుద్ధిపూర్వకముగా మతమును దూషించి వైరము రేపువానిని శిక్షించుటకు చట్టమున్నది. పత్రికలకును తమ ధర్మమున్నది: విన్నదానిని విచారింపక వ్రాయుట స్వాతంత్ర్యము గాదు, సోమరితనము. పండుగదినములలో నొక వదంతి చేతిఫోనులమీదుగా గడియలో పాతబస్తీ యంతయు ప్రాకు నీ కాలమున, పేరు పెట్టి వ్రాసి, తప్పైనచో సవరణ ప్రకటించు పత్రికయే పౌరుల యాస్తి. పేరులేని వదంతికి భయపడవలెను. పేరున్న వ్రాతకు బదులు వ్రాయవలెను.

కావున మా చదువరులకు మేము విన్నవించునది మూడు మాటలు. మొదటిది: ఏ మతమువాడైనను తన మతపెద్దలను విమర్శించి ప్రమాదమున పడినప్పుడు, వానిపక్షమున మొదట మాటాడవలసినవారు ఆ మతమువారే. పరమతస్థుల సానుభూతి యట్టివానికి తోడుపడుటకు మాఱుగా ఒక్కొక్కప్పుడు క్రొత్త నిందగా పరిణమించును. రెండవది: బోనములకును మొహర్రమునకును ముందు పేటలలో కూడు శాంతిసంఘములలో వర్తకులకును పూజారులకును ముతవల్లులకును చోటిచ్చునట్లే, ఆ ప్రాంతపు తెలుగు ఉర్దూ విలేఖరులకును చోటీయవలెను. వదంతిని చంపు మందు వారియొద్ద నున్నది. మూడవది భూస్వాములకును పట్టణపు ధనికులకును: ప్రకటనలిచ్చు చేయి మీది, అప్రియమైన వార్త వచ్చిననాడు ప్రకటన నాపివేయుటగూడ ఒక విధమైన నిషేధమే. వెట్టిచాకిరిని విమర్శించిన పత్రికలపై మన తాతలలో కొందఱు కనుబొమలు ముడిచిరి. నేడు వెట్టిని సమర్థించువా డొక్కడును లేడు.

షోయబుల్లాఖాను తన పత్రికకు నేడు అని పేరు పెట్టెను. ఏటేట ఆగస్టు నెలలో పటమునకు పూలదండ వేయుటతో నాతని ఋణము తీరదు. మనవారి తప్పును మనవాడొకడు వ్రాసిన దినమున, వాని యింటి వాకిట మనము నిలిచినచో తీరును.