నాగార్జునకొండ శిలాక్షరములు

నల్లగొండ జిల్లాలోని నందికొండ పేరే మొదట నాగార్జునసాగర నిర్మాణమునకుఁ బెట్టఁబడియుండెను. 1955 డిసెంబరు 10వ తేదీని దానికి శంకుస్థాపన జరిగెను. నీట మునుఁగనున్న లోయను 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి యాధ్వర్యవమునఁ బురాతత్త్వశాఖవారు త్రవ్వించిరి. అందు దొరకిన శిల్పములను, శాసనములను కొండపైఁ జేర్చి 1966లో మ్యూజియము తెఱచిరి. నేఁడా కొండ జలాశయమధ్యమున ద్వీపమై పల్నాడు జిల్లాకుఁ జేరియున్నది.

ఇచ్చటఁ దాళపత్రములను వెదకినవానికి నిరాశయే. చదువ నేర్చినవానికి మాత్ర మిది గ్రంథశాల. పలకలపై జాతకకథలు బొమ్మలుగాఁ జెక్కఁబడియున్నవి. మాంధాతృకథ యం దొకటి. పొడుగైన దూలములపై ఘట్టమునకును ఘట్టమునకును నడుమ స్త్రీపురుషమిథునమును నిలిపి, శిల్పి పుటలు విభజించినట్లు చేసెను. బొమ్మలనుగూర్చి వ్రాసినవారు పలువురు. అక్షరములకే మనవారిలో నాదరము తక్కువ.

క్రీ. శ. 3వ శతాబ్దమున విజయపురి నేలిన యిక్ష్వాకులలో వీరపురుషదత్తుని 6వ రాజ్యసంవత్సరమున నతని మేనత్త చాంతిసిరి మహాచైత్యమునకు స్తంభములు నిలిపెను. చైత్యపు నాల్గుదిక్కుల వేదికలపై నైదేసిగా నిలిచెడి యా స్తంభములకు ఆయకస్తంభములని పేరు. వానిపై రాజు పేరు ‘సిరి వీరపురిసదత’ యనియు, వంశము ‘ఇఖాకు’ అనియు నున్నవి. పాఠ్యపుస్తకములలో నీ రూపములు మాయమై సంస్కృతరూపములే మిగిలినవి. ఇది సంస్కారము గాదు, సాక్ష్యనాశము.

ఈ రూపములన్నియు నొక తెగవి కావు. ‘దత’ యన్నది వ్రాఁతను బట్టినది. ద్విత్వము పలుకుచు నొంటిహల్లే వ్రాయుట యానాఁటి వ్రాయసకాండ్ర మర్యాద. కావున ‘దత్త’ యని చదువవలెను. ‘ఇఖాకు’ను ‘ఇక్ఖాకు’ అనియే. ‘సిరి’ యట్లు గాదు, అది పలుకుబడి. శ్రీశబ్దమున సంయోగము విడి, నడుమ స్వరభక్తిచే నికారము చేరెను. మనము తద్భవముగాఁ బఠించు ‘సిరి’ యదియే. స్తంభమున కా శాసనములలో ‘ఖంభ’ మని యున్నది. మన ‘కంబము’ దాని చెంతనే నిలుచును. సంస్కృతము నుండియే కాక ప్రాకృతము నుండియుఁ దద్భవములు పుట్టునని బాలవ్యాకరణము చదివిన విద్యార్థి కిది కంటి కగపడు నిదర్శనము.

వీరపురుషదత్తుని కొడుకు ఎహువల చాంతమూలుని 11వ సంవత్సరపు సర్వదేవాలయశాసనము సంస్కృతమున నున్నది. ఆ గుడి కట్టించిన సేనాపతి పేరందు ‘ఎలిశ్రీ’. ఒక్క తరములో సిరి శ్రీ యైనది.

తాళపత్రమే యైనచోఁ బ్రతి వ్రాయసకాఁడును దన కాలపు వర్ణక్రమమునకు దిద్దియుండును. రాతి కట్టి పునర్లేఖనము లేదు. కావున బడిలో శాసనరూపమును ముందు చెప్పి, ఛాయను బిదపఁ జెప్పుట మేలు. ‘మాఢరిపుత’ యన్నచో మాఠరశబ్దపు ఠకారము ఢకారమైనది. ‘వాసెఠిపుత’ యందు ఠకారము చెడలేదు. కారణ మడిగినచో, వాసిష్ఠశబ్దమున నది సంయుక్తమై యుండి ద్విత్వమగుటయే యని బాలురే చెప్పఁగలరు.