ఎవరికి ఏ అడవి?

పూతరేకులకై ఆత్రేయపురము వచ్చిన చుట్టములు, పనిలో పనిగా ఏదైన అడవి చూపుమని అడుగుట కలదు. విహారమునకు తగిన అడవిని నిర్ణయించుటకు మొదట వారి అభిరుచి తెలియవలెను.

వృద్ధులు, పిల్లలు వెంటనున్నవారికి కాకినాడ చెంతనున్న కోరంగి మడ అడవి అనుకూలము. అచట చెక్కబాట మీద నడచుచు, బురదలోనుండి పైకి పొడుచుకొని వచ్చిన శ్వాసవేళ్లను చూడవచ్చును. జలపాతములు కోరువారికి మారేడుమిల్లి ప్రాంతమున అమృతధార, జలతరంగిణి కలవు. పడవలో పోగోరువారికి పాపికొండలు కలవు.

అయినను కోరిక యొక్కటే ప్రమాణము కారాదు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరదమీద నుండగా, కచ్చులూరు వద్ద విహారపు పడవ మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఎంత రమ్యమైన చోటైనను వరదకాలమున విహారమునకు తగదు. అట్లే కాకినాడ తీరమున హోప్ దీవి ఇసుకలో సముద్రపు తాబేళ్లు రాత్రివేళ గ్రుడ్లు పెట్టును. దీపములు, సందడి వానిని బెదరించును. గ్రుడ్లనుండి వెడలిన పిల్లలు వెలుగును చూచి సముద్రపు దారి తప్పును.

కావున మేము రెండు ప్రశ్నలు వేసికొను మందుము: మన వారికి ఏది ఇష్టము? ఈ ఋతువున ఆ చోటు మన రాకను ఓర్చునా? రెండింటికిని అనుకూలమైన జవాబు దొరకిన అడవికే చుట్టములను తీసికొని పొండు.