ఇంజను ఓవర్‌హాలింగు - బోల్టు రంధ్రాల శుభ్రత

పెంటపాడు, తాడేపల్లిగూడెం ప్రాంతపు సంఘాల లెక్కలు తనిఖీ చేస్తుండగా ఒక సంఘంలో మూడు నెలల లోపల ఒకే ఇంజనుకు రెండు మరమ్మతు బిల్లులు మా కంటబడ్డాయి. మొదటిది పిస్టను, రింగులు, హెడ్డు గాస్కెట్టు మార్చినందుకు. రెండవది బ్లాకు పగిలినందుకు. సంజాయిషీ అడిగితే కార్యదర్శిగారు "మెకానిక్కు మంచివాడేనండి, సరుకే నాసిరకం" అన్నారు. విప్పి పక్కన పెట్టిన బ్లాకును మేము స్వయంగా చూశాము. పగులు ఒక బోల్టు రంధ్రం అడుగునుండి బయలుదేరింది. పక్క రంధ్రాలలో పుల్ల ముంచి చూస్తే నూనె, మసి ఇంకా తగిలాయి. లోపం సరుకులో లేదు. రంధ్రాలు తుడవకుండా బోల్టులు బిగించారు. గంటసేపటి పని మానినందుకు సభ్యుల సొమ్ముకు చిల్లి పడింది.

బల్కు కూలరు ఉన్న ప్రతి సంఘానికీ ఇది సంబంధించిన విషయమే. గేదె పొదుగునుండి సుమారు 38 డిగ్రీల వేడితో వచ్చిన పాలను 4 డిగ్రీలకు దించి నిలపాలి. వేసవి సాయంత్రం కరెంటు పోయిన వేళ జనరేటరు ఇంజను మొరాయిస్తే ఆ పూట పాలు విరిగినట్లే. అందుచేత ఓవర్‌హాలింగు జరిగేటప్పుడు సంఘం వారు ఏమి చూడవలెనో ఇక్కడ వివరిస్తున్నాము.

రంధ్రంలో మురికి ఉంటే ఏమవుతుంది?

హెడ్డును బ్లాకుకు అదిమి పట్టేవి బోల్టులే. మధ్యనున్న గాస్కెట్టు అన్ని వైపులా సమంగా నొక్కుకుంటేనే మంటపోటు, నీళ్లు, నూనె దేని దారిన అవి ఉంటాయి. బోల్టు తిప్పడానికి మనం పెట్టే బలంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోతుంది. అదిమి పట్టడానికి మిగిలేది ఒక వంతు మాత్రమే. మరలలో తుప్పు, మసి, పాత గాస్కెట్టు ముక్కలు ఉంటే రాపిడి పెరిగి ఆ ఒక్క వంతూ తరిగిపోతుంది. టార్కు రెంచి సరిపోయిందని చూపుతుంది, బోల్టు మాత్రం వదులుగానే ఉంటుంది. కొన్నాళ్లకు గాస్కెట్టు కాలి, నీళ్లు నూనెలో కలుస్తాయి.

అడుగు మూసి ఉన్న రంధ్రంలో నూనెగాని, నీళ్లుగాని నిలిస్తే ప్రమాదం ఇంకా పెద్దది. ద్రవం గాలివలె నొక్కుకుపోదు. దిగుతున్న బోల్టు పిస్టనులాగా దానిని అడుగుకు తోస్తుంది. తప్పించుకునే దారి లేక ఆ ఒత్తిడి పోత ఇనుమును చీలుస్తుంది. పైన చెప్పిన సంఘంలో జరిగింది ఇదే.

శుభ్రం చేయు పద్ధతి

1. ముందుగా సిలిండర్లను, నీటి దారులను, నూనె దారులను శుభ్రమైన గుడ్డతో మూయాలి. రాలిన మురికి అందులో పడితే కొత్త రింగులు కూడా గీసుకుపోతాయి.

2. సన్నని కడ్డీతో ప్రతి రంధ్రం లోతు కొలవాలి. ఒకే వరుసలో ఒకే పొడవు బోల్టులు పట్టే రంధ్రాలలో ఒకటి లోతు తక్కువగా ఉంటే దాని అడుగున మురికి గట్టిపడిందని అనుమానించాలి.

3. కిరసనాయిలు వేసి నాననిచ్చి, రంధ్రంలో పట్టే తీగ బ్రష్షుతో తోమాలి. దగ్గరలో బీడీగాని, మంటగాని ఉండరాదు.

4. మరలు సాపు చేయడానికి చేజరు వాడాలి. కొత్త ట్యాపు ఇనుమును కోసి మరను పలచన చేస్తుంది. చేజరు దొరకనప్పుడు అదే కొలత గల మంచి పాత బోల్టుకు నిలువునా రెండు మూడు గాళ్లు కోసి, కొన సన్నం చేసి, చేత్తో దింపవచ్చు. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు తిప్పాలి. పట్టేస్తే బలం చేయరాదు.

5. చివరగా సన్నని గొట్టాన్ని అడుగుదాకా దించి గాలి కొట్టాలి. రంధ్రం చుట్టూ గుడ్డ పట్టాలి, కంటికి అద్దాలు పెట్టాలి. ఎగిరివచ్చిన కిరసనాయిలు, ఇనుప రజను కంటిలో పడితే చూపుకే ముప్పు. గాలి యంత్రం లేకపోతే తీగకు శుభ్రమైన గుడ్డ చుట్టి, పొడిగా వచ్చేవరకు తుడవాలి. పీచు లోపల వదలరాదు.

6. ఆ తరువాత ప్రతి బోల్టూ పానా లేకుండా వేళ్లతోనే దిగాలి. మధ్యలో ఆగితే కారణం తెలిసేవరకు పని ఆపాలి.

మర గుర్తించడం

మన పల్లెలలోని పాత లిస్టరు నమూనా ఇంజన్లకు ఇంగ్లీషు విట్‌వర్తు మర ఉంటుంది. దాని కోణం 55 డిగ్రీలు. మిల్లీమీటర్ల మరకు 60 డిగ్రీలు. అర అంగుళం విట్‌వర్తు బోల్టుకు అంగుళానికి 12 మరలు, అదే లావు అమెరికా రకానికి 13. చూపుకు రెండూ ఒకటే, వేస్తే మాత్రం మర చెడుతుంది. కాబట్టి మర గేజితో చూసిన తరువాతనే చేజరు పెట్టాలి. మర అరిగిపోయిన రంధ్రానికి తాడేపల్లిగూడెంలోనో, ఏలూరులోనో లేతు షాపులో తీగచుట్ట వేయించవచ్చు. జిగురుతోనో, దారం చుట్టో సరిపెట్టడం మోసపోవడమే.

బిగింపు

బోల్టులను కూడా తీగ బ్రష్షుతో తోమి, సాగినవాటిని మార్చాలి. మరకు నూనె రాయాలా, పొడిగా బిగించాలా అన్నది ఇంజను పుస్తకంలో ఉన్నట్లే చేయాలి. పొడి కొలతకు నూనె రాసి బిగిస్తే బోల్టు ఎక్కువ సాగుతుంది. నీటి గదిలోకి తెరుచుకునే రంధ్రాల బోల్టులకు సీలింగు మందు అవసరం. మధ్యనుండి అంచులకు, ఎదురెదురుగా, మూడు విడతలుగా టార్కు రెంచితో బిగించాలి. పుస్తకం వేరే వరుస చెబితే దానినే పాటించాలి.

సంఘం బాధ్యత

కొల్లేటి గాలిలోని తేమకు మన ఇంజన్లు త్వరగా తుప్పు పడతాయి. కాబట్టి మరమ్మతు తీర్మానంలో "బోల్టు రంధ్రాలు శుభ్రం చేసి, లోతు చూపించవలెను" అని ఒక వాక్యం చేర్చండి. హెడ్డు పెట్టే రోజున కార్యదర్శిగాని, పాలకవర్గ సభ్యులొకరుగాని దగ్గర నిలబడాలి. ఆ వివరం ఇంజను రిజిస్టరులో రాసి, తరువాతనే బిల్లు చెల్లించాలి.

మెకానిక్కును అనుమానించమని మా ఉద్దేశం కాదు. పాల కొలతను సభ్యులు తొంగిచూసినట్లే బోల్టు రంధ్రాన్నీ తొంగిచూడమంటున్నాము. రెండింటా ఉన్నది మన సొమ్మే.