పాత ట్రాక్టరుకు అసలు కంపెనీ రంగు కనుక్కోవడం ఎలా?

నాన్నో తాతో కొన్న పాత మాస్సీ, ఇంటర్నేషనల్ బి-275, ఫోర్డ్ వంటి బండిని బాగుచేయించుకునే రైతులు ఇంజను, గేర్‌బాక్సు పని దగ్గర ఎంతో జాగ్రత్తగా ఉంటారు. చివర్లో పెయింటు దగ్గరకు వచ్చేసరికి మాత్రం తొందరపడతారు. షాపుకెళ్లి "మాస్సీ ఎరుపు ఇవ్వండి" అని ఒక డబ్బా తెచ్చి బండి మొత్తానికి కొట్టించేస్తారు. బండి మెరుస్తుంది కానీ దాని అసలు రూపు పోతుంది. పైగా కిందనున్న పాత పొరలన్నీ గీకేశాక అసలు రంగు ఏమిటో తెలుసుకునే దారి కూడా ఉండదు. అందుకే గీకుడు మొదలుపెట్టక ముందే రంగు వెతకాలి.

ఇంకో మాట. కంపెనీలో వేసిన పెయింటు సగానికి పైగా గట్టిగా నిలిచి ఉంటే, తుప్పు పట్టిన చోట మాత్రమే సరిచేయించి మిగతాది అలాగే ఉంచడం మంచిదని మా అభిప్రాయం. కొత్త పెయింటు ఎప్పుడైనా వేయించుకోవచ్చు, పాతది మళ్లీ రాదు.

పేరు ఒకటే, రంగులు వేరు

ఒక కంపెనీ ఎప్పుడూ ఒకే రంగు వాడిందనుకోకూడదు. ఫెర్గూసన్ కంపెనీ ఇంగ్లండులో 1946 నుంచి 1956 వరకు తయారుచేసిన టి.ఇ.20 ట్రాక్టరు పైనుంచి కింద దాకా బూడిద రంగే. 1956లో వచ్చిన 35 మోడలుకు రేకు భాగాలు బూడిద రంగు, ఇంజను, గేర్‌బాక్సు రాగి-బంగారు ఛాయ. ఆ తర్వాత మాస్సీ ఫెర్గూసన్ పేరుతో అదే 35 ఎర్ర రేకులు, బూడిద రంగు ఇంజనుతో వచ్చింది. మద్రాసులో 1960లో మొదలైన టాఫే మనకు అందించినవి ఈ ఎరుపు-బూడిద వరుసలోని బండ్లే. కాబట్టి ఎక్కడైనా ఎర్రటి టి.ఇ.20 కనిపిస్తే అది తర్వాత ఎవరో వేయించిన రంగు. అలాగే మాస్సీ బండికి ఇంజను, గేర్‌బాక్సు కూడా ఎర్రగా ఉంటే అనుమానించాల్సిందే. స్ప్రే గన్ చేతిలో ఉన్నప్పుడు రంగు మార్చడం బద్ధకమై మొత్తం ఒకటే కొట్టేసే పెయింటర్లు మన ఊళ్లలో తక్కువేం కాదు.

ఎక్కడ వెతకాలి?

ఎండ, వాన, చేతిరాపిడి, రెండోసారి కొట్టిన పెయింటు, ఈ నాలుగూ చేరని చోట అసలు రంగు దాగి ఉంటుంది. మీటర్ల డాష్‌బోర్డు వెనకవైపు, బ్యాటరీ ట్రే కింద, డీజిలు ట్యాంకును పట్టి ఉంచే పట్టీల కింద, టూల్ బాక్సు లోపల, హెడ్‌లైటు గిన్నె వెనక, మడ్‌గార్డును బిగించిన బ్రాకెట్టు మధ్యలో, సీటు కింద చూడండి. పెద్ద బోల్టు విప్పి వాషరు కింద చూస్తే గుండ్రటి మచ్చలా పాత రంగు దొరుకుతుంది. కంపెనీ నేమ్ ప్లేటు వెనక కూడా ఉంటుంది కానీ రివెట్లు ఊడగొట్టి ఆ ప్లేటు పాడుచేసుకోవద్దు. దాని అంచు చుట్టూ చూస్తే చాలు.

ఇంజను, గేర్‌బాక్సు మీద గట్టిపడిన గ్రీజు, మట్టి పెంకు చూసి విసుక్కోకండి. ఏళ్ల తరబడి పెయింటును కాపాడేది అదే. ఇనుప బ్రష్షు, గీకుడు పలక వాడకుండా డీజిలు లేదా కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో నానబెట్టి మెల్లగా తుడవండి. తర్వాత సబ్బు నీళ్లతో కడిగితే రంగు బయటపడుతుంది.

బానెట్ పక్కన స్టిక్కర్లు ఉంటే వాటి కింద రంగు వెలవదు. తీసేముందు ఫోటో తీసి, అంచుల నుంచి ఎన్ని అంగుళాల్లో ఉందో టేపుతో కొలిచి రాసుకోండి. కొత్త స్టిక్కరు అతికించేటప్పుడు ఈ కొలతలే పనికొస్తాయి.

ఒక్క చోట దొరికిన రంగును నమ్మవద్దు. ఎప్పుడో బానెట్ మార్చి ఉండవచ్చు, మడ్‌గార్డు వేరే బండిది కావచ్చు. రేకు భాగాల్లో మూడు చోట్ల, పోత భాగాల్లో రెండు మూడు చోట్ల, రిమ్ము, డిస్కు మీద విడివిడిగా చూడాలి. చక్రాల రంగు చాలా బండ్లకు బాడీ రంగు కాదు.

పొరలు చదవడం

అనుమానం ఉన్నచోట రూపాయి బిళ్లంత మేర 600 నంబరు వాటర్ పేపరును నీళ్లతో తడిపి గుండ్రంగా రుద్దండి. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ రుద్దితే పొరలన్నీ చెట్టు మొద్దులోని వలయాల్లా కనిపిస్తాయి. బయటి వలయం చివరిసారి వేసిన పెయింటు. లోపలికి పోయేకొద్దీ పాతది. ఇనుముకు ఆనుకుని ఉన్నది ప్రైమరు, దాని పైనున్న మొదటి రంగే కంపెనీది.

చాలామంది పొరబడేది ఇక్కడే. రెడ్ ఆక్సైడ్ ప్రైమరు ఇటుక రంగులో ఉంటుంది, దాన్ని చూసి "అసలు ఎరుపు ఇదే" అనుకుంటారు. బూడిద రంగు ప్రైమరును చూసి బండి మొదట బూడిద రంగు అనుకునేవారూ ఉన్నారు. ప్రైమరుకు మెరుపు ఉండదు, పొడిపొడిగా ఉంటుంది. రబ్బింగ్ కాంపౌండుతో రుద్దినా నిగనిగలాడదు. పై రంగైతే మెరుపు తేలుతుంది.

ఎండకు వెలిసిన ఎరుపు గులాబీ ఛాయకు తిరుగుతుంది, వేలితో రుద్దితే సుద్దలా అంటుతుంది. దాన్ని చూసి రంగు కలిపించవద్దు. కాంపౌండుతో ఆ సుద్దను తీసేశాక కింద కనిపించేదే లెక్క. సైలెన్సరు దగ్గరి పెయింటు వేడికి నల్లబడి ఉంటుంది, అది కూడా పనికిరాదు.

ఊపిరి జాగ్రత్త

ఆనాటి ఎరుపు, పసుపు, నారింజ పెయింట్లలోనూ, తుప్పు పట్టకుండా వేసే ప్రైమర్లలోనూ సీసం ఉండే అవకాశం ఎక్కువ. ఇళ్లకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదని కేంద్రం నియమం చేసిందే 2016లో. మీ బండి పెయింటు అంతకు ఎన్నో ఏళ్ల ముందుది. అందుకే పొడిగా రుద్దవద్దు, గ్రైండరు పెట్టవద్దు, మంటతో కాల్చి ఊడదీయవద్దు. తడిపి రుద్దండి, మాస్కు పెట్టుకోండి, కింద పట్టా పరిచి రాలిన పొట్టు, బురద పోగుచేయండి. అది పశువుల దాణా వైపు, బావి వైపు పోకూడదు. పని అయ్యేదాకా చిన్నపిల్లలను దగ్గరకు రానివ్వవద్దు. సీసం వారి మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఆ బట్టలతో ఇంట్లోకి వెళ్లి బిడ్డను ఎత్తుకోవడమూ మంచిది కాదు.

షాపులో కలిపించడం

ఫోనులో తీసిన ఫోటో చూపించి రంగు కలపమనవద్దు. వెలుతురును బట్టి ఫోను రంగు మార్చేస్తుంది. అసలు రంగు నిలిచిన చిన్న భాగాన్నే, అంటే టూల్ బాక్సు మూతనో, బ్రాకెట్టునో విప్పి తీసుకెళ్లండి. కార్ల పెయింట్లు అమ్మే పెద్ద షాపుల్లో రంగును చదివే మిషను ఉంటుంది. దానికి అరచేతి అంత చదునైన, శుభ్రమైన చోటు చూపిస్తే దగ్గరి కొలత ఇస్తుంది. మిగిలిన చిన్న తేడాను అనుభవమున్న కలిపేవాడి కన్ను సరిచేయాలి.

కలిపిన రంగును డబ్బాలో చూసి ఒప్పుకోవద్దు, తడి పెయింటు ఆరాక ఛాయ మారుతుంది. ఒక రేకు ముక్కకు బండికి వేయబోయే ప్రైమరే వేసి, పైన రెండు కోట్లు కొట్టించి, ఒక రాత్రి ఆరనిచ్చి, మర్నాడు పగటి వెలుగులో నీడన పాత భాగం పక్కన పెట్టి చూడండి. ట్యూబులైటు కింద సరిపోయిన ఎరుపు ఎండలో తేలిపోవచ్చు. కుదిరాక బండికి కావాల్సినదంతా ఒకేసారి కలిపించండి. రెండోసారి కలిపితే కొంచెమైనా తేడా వస్తుంది. హార్డెనర్ కలిపే పి.యు. పెయింటు కొట్టిస్తే దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే సరిపోదు, పెయింటరుకు క్యాట్రిడ్జి ఉన్న మాస్కు ఉండాలి.

ఆర్‌సీ కూడా చూడండి

రిజిస్ట్రేషన్ పుస్తకంలో రంగు అనే గడి ఉంటుంది. పాత పుస్తకం దొరికితే అదీ ఒక ఆధారమే. మీరు వేయించే రంగు అందులో ఉన్నదానికి తేడాగా ఉంటే ముందుగా ఆర్‌టీఓ కార్యాలయంలో అడిగి మార్పు రాయించుకోండి. వ్యవసాయ ట్రాక్టరుకు 15 ఏళ్ల తర్వాత ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి కదా, అప్పుడు ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు చూస్తారు. ఆ అంకెల మీద పుట్టీ రుద్దడం, గ్రైండరు ఆడించడం జరిగితే బండి మీదేనని నిరూపించుకోవడానికి తిరగాల్సి వస్తుంది. పెయింటు పనికి ఇచ్చేముందే వాటి ఫోటోలు తీసి, పైన మాస్కింగ్ టేపు వేసి, పెయింటరుకు దగ్గరుండి చూపించండి.

షాపువారు ఇచ్చే రంగుల కొలతల చీటీని ఆర్‌సీతో పాటు దాచుకోండి. అరలీటరు పెయింటు గట్టిగా మూతపెట్టి ఉంచుకుంటే తర్వాత గీతలు పడ్డచోట దిద్దుకోవచ్చు.