గర్భస్రావానంతర ఆరోగ్యం

గర్భస్రావానంతర ఆరోగ్యం అనగా గర్భస్రావం జరిగిన పిమ్మట స్త్రీ శరీరం, ముఖ్యంగా గర్భాశయం, పూర్వస్థితికి చేరుకునే దశ. తెలుగులో గర్భస్రావం అనే మాటను దానంతట అదే పోయిన గర్భానికీ, వైద్యుని సహాయంతో తొలగించుకొన్న గర్భానికీ కూడా వాడుతారు. రెండవదానిని గర్భవిచ్ఛిత్తి అనీ, వాడుకలో అబార్షన్ అనీ అంటారు. ఈ వ్యాసం ప్రధానంగా మొదటి 12 వారాలలోపు జరిగే గర్భవిచ్ఛిత్తికి సంబంధించినది. ఈ దశలో కడుపునొప్పి, రక్తస్రావం చాలావరకు సహజ లక్షణాలే. అయితే సహజమైన నొప్పికీ, ప్రమాదాన్ని సూచించే నొప్పికీ గల భేదం తెలిసి ఉండటం అవసరం.

పద్ధతులు

గర్భవిచ్ఛిత్తి ప్రధానంగా రెండు విధాలు.

* మందుల ద్వారా: మొదట మిఫెప్రిస్టోన్ అనే మాత్ర, 24 నుండి 48 గంటల తరువాత మిసోప్రోస్టాల్ మాత్రలు ఇస్తారు. మొదటిది గర్భాన్ని నిలిపి ఉంచే ప్రొజెస్టిరోన్ పనిని అడ్డుకుంటుంది. రెండవది గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది. భారతదేశంలో ఈ పద్ధతిని 9 వారాల గర్భం వరకు వైద్యుని పర్యవేక్షణలో వాడుతారు.
* వాక్యూమ్ ఆస్పిరేషన్: గర్భాశయంలోని పదార్థాన్ని సన్నని గొట్టం ద్వారా పీల్చివేయడం. లోపలి పొరను గీకి తొలగించే పాత పద్ధతికి బదులుగా దీనిని వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది.

కడుపునొప్పికి కారణం

గర్భాశయం కండరాలతో నిర్మితమైన అవయవం. గర్భం లేనప్పుడు దాని పొడవు సుమారు 7 నుండి 8 సెంటీమీటర్లు. గర్భంతో పెరిగిన ఈ అవయవం, లోపలి పదార్థం వెలువడిన తరువాత ముడుచుకొని తిరిగి చిన్నదవుతుంది. ఈ సంకోచాల వల్లనే రక్తనాళాలు నొక్కుకొని రక్తస్రావం తగ్గుతుంది. కనుక పొత్తికడుపులోను, నడుములోను బహిష్టు నొప్పి వంటి నొప్పి రావడం గర్భాశయం తన పని తాను చేస్తున్నదనుటకు గుర్తు.

మందుల పద్ధతిలో, మిసోప్రోస్టాల్ వేసుకొన్న కొన్ని గంటలలో నొప్పి తీవ్రమై, గర్భం వెలువడిన పిదప తగ్గుముఖం పడుతుంది. వికారం, వాంతులు, విరేచనాలు, చలి, కొద్దిపాటి జ్వరం ఈ మాత్ర వల్ల కలుగవచ్చును. ఇవి సాధారణంగా ఒక రోజులోపు తగ్గుతాయి. నొప్పి నివారణకు ఐబుప్రొఫెన్ పారసిటమాల్ కంటె బాగా పనిచేస్తుంది. కడుపులో పుండ్లు, మూత్రపిండ వ్యాధి గలవారు వైద్యుని అడిగి వాడాలి. వేడినీళ్ళ సంచితో కాపడం కూడా ఉపశమనాన్నిస్తుంది.

కోలుకునే క్రమం

మందుల పద్ధతిలో రక్తస్రావం సాధారణంగా 9 నుండి 16 రోజులు, కొందరిలో 30 రోజుల వరకు ఉంటుంది. ఆస్పిరేషన్ తరువాత ఇంతకంటె తక్కువగా ఉంటుంది. మధ్యలో ఆగి మరల కనిపించవచ్చును. గర్భానికి సంబంధించిన హార్మోను రక్తంలో క్రమంగా తగ్గుతుంది. అందువల్ల గర్భ పరీక్ష కొన్ని వారాలపాటు పాజిటివ్‌గానే చూపవచ్చును. బహిష్టు సాధారణంగా 4 నుండి 8 వారాలలో తిరిగి వస్తుంది. భారతదేశంలో మందుల పద్ధతి తరువాత 15వ రోజున వైద్యుని కలవడం ఆనవాయితీ. గర్భం పూర్తిగా వెలువడినదీ లేనిదీ అప్పుడు నిర్ధారించుకుంటారు.

ప్రమాద సూచనలు

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి.

* వరుసగా రెండు గంటలపాటు, గంటకు రెండు లేదా అంతకంటె ఎక్కువ పెద్ద ప్యాడ్లు పూర్తిగా తడిసిపోవడం. ఇది అధిక రక్తస్రావం.
* ఒక రోజుకు మించి 38 డిగ్రీల సెల్సియస్ (100.4 ఫారన్‌హీట్) పైబడిన జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం. ఇవి ఇన్ఫెక్షన్ లక్షణాలు.
* మందులకు లొంగని నొప్పి, లేదా తగ్గిన తరువాత మరల పెరిగే నొప్పి. లోపల పదార్థం మిగిలిపోవడం, రక్తం గడ్డకట్టి నిలిచిపోవడం, ఇన్ఫెక్షన్ సోకడం ఇందుకు కారణాలు కావచ్చును. ఆస్పిరేషన్ తరువాత అరుదుగా గర్భాశయానికి రంధ్రం పడటం కూడా కారణం కావచ్చు.
* ఒక ప్రక్క తీవ్రమైన నొప్పి, భుజం కొనలో నొప్పి, స్పృహ తప్పడం. గర్భాశయం వెలుపల, నాళంలో గర్భం ఉన్నప్పుడు ఇట్లా జరుగుతుంది. ఈ మాత్రలు అటువంటి గర్భాన్ని తొలగించలేవు.
* మాత్రలు వేసుకొన్నా రక్తస్రావం కాకపోవడం, వేవిళ్ళు కొనసాగడం.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అత్యవసర అంబులెన్సుకు 108 నంబరుకు ఫోన్ చేయవచ్చును.

ఆహారం, విశ్రాంతి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం భారతదేశంలో 15-49 ఏండ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. అటువంటివారికి కొద్దిపాటి అధిక రక్తస్రావం కూడా ప్రమాదకరమే. కళ్ళు తిరగడం, ఆయాసం ఉంటే రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుని సలహాపై ఇనుము మాత్రలు వాడాలి. ఆకుకూరలు, పప్పులు, గ్రుడ్లు, మాంసం తినడం మంచిది. భోజనం వెంటనే టీ, కాఫీ త్రాగితే ఇనుము సరిగా ఒంటబట్టదు. పథ్యం పేరుతో మంచినీళ్ళు, మజ్జిగ, కూరలు మాన్పించడం వల్ల ప్రయోజనం లేదు. పైగా నీరసం, మలబద్ధకం పెరిగి కడుపునొప్పి అధికమవుతుంది. స్నానానికి అభ్యంతరం లేదు. రక్తస్రావం తగ్గేవరకు లైంగిక కలయికకు దూరంగా ఉండాలని వైద్యులు సాధారణంగా చెబుతారు.

మరల గర్భం

గర్భవిచ్ఛిత్తి జరిగిన 8 రోజులకే అండం విడుదల కావచ్చును. అనగా బహిష్టు రాకముందే మరల గర్భం రాగలదు. కావున గర్భనిరోధక పద్ధతిని వెంటనే ఎంచుకొనడం మంచిది. ఏ ఉపద్రవమూ లేకుండా సురక్షితంగా జరిగిన గర్భవిచ్ఛిత్తి వల్ల సంతానం కలగదన్న భయానికి ఆధారం లేదు.

చట్టం, గోప్యత

భారతదేశంలో గర్భవిచ్ఛిత్తి 1971 నాటి చట్టం ప్రకారం, షరతులకు లోబడి చట్టబద్ధం. 2021 సవరణ తరువాత 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం, కొన్ని వర్గాల స్త్రీలకు 20 నుండి 24 వారాల వరకు ఇద్దరు వైద్యుల అభిప్రాయం అవసరం. ఈ వర్గాల నుండి అవివాహితులను మినహాయించరాదని సుప్రీం కోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పునిచ్చింది. 18 ఏండ్లు నిండిన స్త్రీకి తన సమ్మతి చాలును, భర్త అనుమతి అక్కరలేదు. 18 ఏండ్లలోపువారికీ, మానసిక వ్యాధి గలవారికీ సంరక్షకుల సమ్మతి కావాలి. స్త్రీ వివరాలను చట్టం అనుమతించని వ్యక్తులకు వెల్లడించిన వైద్యునికి ఒక సంవత్సరం వరకు జైలుశిక్ష లేదా జరిమానా లేదా రెండూ విధించవచ్చును.

ఎవరికైనా తెలుస్తుందేమోనన్న భయంతో నొప్పిని దాచుకొని, ఆలస్యంగా ఆసుపత్రికి వెళ్ళడం వల్ల తేలికగా నయమయ్యే ఇన్ఫెక్షన్ కూడా ప్రాణాంతకం కాగలదు. దుకాణంలో మాత్రలు కొని సొంతంగా వేసుకొన్నవారు సైతం, ఏ మాత్రలు, ఎప్పుడు, ఎన్ని వేసుకొన్నదీ వైద్యునికి ఉన్నదున్నట్లు చెప్పడం సరియైన చికిత్సకు అవసరం.

ఇవి కూడా చూడండి

* గర్భం
* ఋతుచక్రం
* రక్తహీనత
* కుటుంబ నియంత్రణ